లాజవర్దం: ఒక పేరు, మూడు పదార్థాలు

అరబ్బీలో లాజవర్ద్, ఫారసీలో లాజ్‌వర్ద్, సంస్కృత రసశాస్త్ర గ్రంథాలలో రాజావర్తం అనే పేర్లతో ప్రసిద్ధమైన నీలిరాయి ఒకటి ఉన్నది. నీలాకాశంలో నక్షత్రాలు మెరిసినట్లు ముదురు నీలిరంగు మధ్య బంగారు చుక్కలు కనిపించడం దీని విశేషం. పవిత్ర ఖుర్ఆన్‌లో యాఖూత్, మర్జాన్, ముత్యం పేర్లు వచ్చినవి గాని, లాజవర్దం పేరు రాలేదు. అయినా ఇస్లామీయ నాగరికత విస్తరించిన దేశాలలో గ్రంథాలంకరణకు, భవనాలంకరణకు, వైద్యానికి ఈ పేరుతో సంబంధం ఏర్పడినంతగా మరే రాతి పేరుతోనూ ఏర్పడలేదు.

అయితే ఆ పేరు వెనుక ఉన్న పదార్థం ఎల్లప్పుడూ ఒకటే కాదు. ఆభరణాలు చేసేవాడు లాజవర్దం అన్నప్పుడు ఒక రాయి, కుమ్మరి అన్నప్పుడు మరొక ఖనిజం, మందులు నూరేవాడి పెట్టెలో కొన్నిసార్లు ఇంకొకటి ఉండేవి. మూడూ నీలంగానే ఉంటాయి, లేదా నీలాన్నే ఇస్తాయి. ప్రాచీన గ్రంథంలో లాజవర్ద్ అనే మాట కనిపించిన ప్రతిచోటా ఒకే రాయిని ఊహించుకొంటే కళాచరిత్ర తారుమారవుతుంది. వైద్యచరిత్రలో పొరపాటు మరింత ప్రమాదకరమవుతుంది. మధ్యయుగపు ముస్లిం పండితులు, చేతిపనివారు ఈ తేడాలను ఎట్లా గుర్తించారో తెలుసుకోవడానికి ముందు అసలు రాయి స్వరూపమేమిటో తెలుసుకోవలసి ఉన్నది.

రాయి స్వరూపం

వజ్రం, నీలం, మాణిక్యం ఒక్కొక్కటి ఒకే ఖనిజపు స్ఫటికాలు. లాజవర్దం అట్లా కాదు. అది పలు ఖనిజాలు కలిసి గట్టిపడిన శిల. దానికి నీలిరంగునిచ్చేది లాజురైట్ అనే ఖనిజం. తెల్లని చారలుగా, మచ్చలుగా కనిపించేది కాల్సైట్. సున్నపురాయిలో ఉండే ఖనిజమే ఇది. బంగారు చుక్కలుగా మెరిసేది పైరైట్; ఇది ఇనుము, గంధకం కలిసిన ఖనిజమే గాని బంగారం కాదు. డయాప్సైడ్ వంటి మరికొన్ని ఖనిజాలు కూడా కొద్దిపాళ్ళలో కలిసి ఉంటాయి. భూగర్భంలో సున్నపురాతి పొరలు అత్యధికమైన వేడికి, ఒత్తిడికి గురియై పాలరాయిగా మారేచోట, తగిన ధాతువులు అందినప్పుడు మాత్రమే ఇది ఏర్పడుతుంది. అందుచేతనే ప్రపంచంలో మేలైన లాజవర్దం దొరికే స్థలాలు చాలా తక్కువ.

లాజురైట్‌లో సోడియం, కాల్షియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, గంధకం ఉన్నవి. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు పంజరం వంటి కట్టుబడిగా అమరి ఉంటాయి. ఆ పంజరాలలో మూడేసి గంధక పరమాణువులు ఒక జట్టుగా, ఋణవిద్యుదావేశంతో బంధింపబడి ఉంటాయి. వెలుగులోని పసుపు, నారింజ ఛాయలను ఈ గంధకపు జట్టు పీల్చుకొంటుంది. మిగిలినది కంటికి నీలంగా కనిపిస్తుంది. ఇతర నీలివర్ణాలు పెక్కింటికి రాగి, కోబాల్టు వంటి లోహాలు కారణం కాగా, లాజవర్దపు నీలానికి కారణం లోహం కాదు, గంధకం. విడిగా చూస్తే పసుపుపచ్చగా ఉండే గంధకమే ఇక్కడ ఇంత గాఢమైన నీలానికి మూలమని రసాయనశాస్త్రం నిరూపించడానికి ఇరవయ్యవ శతాబ్దం వరకు పట్టింది.

రత్నాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానికి 10, నీలానికి 9 అంకెలు ఉండగా, లాజవర్దానిది 5 నుండి 5.5 వరకే. కనుక దానిని కోయడం, చెక్కడం, నునుపు చేయడం తేలిక. గీతలు పడడం కూడా తేలికే. నీటితో పోల్చినప్పుడు దాని సాంద్రత సుమారు 2.7 నుండి 2.9 రెట్లు. ఇందులోనుండి వెలుగు దూసుకుపోదు. గాఢమైన ఆమ్లం తగిలితే కుళ్ళిన గ్రుడ్డు వాసన గల వాయువు వెలువడి నీలిరంగు నశిస్తుంది. క్షారజలానికి మాత్రం ఆ రంగు చెక్కుచెదరదు. ఎర్రగా కాలే వేడికి కూడా చాలావరకు నిలుస్తుంది. ఈ రెండు గుణాలూ తరువాతి చరిత్రలో ముఖ్యపాత్ర వహించినవి.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. నవరత్నాలలోని నీలం, అనగా ఇంద్రనీలం, కురువిందజాతికి చెందిన పారదర్శకమైన రత్నం. లాజవర్దం నవరత్నాలలో లేదు. ప్రాచీన గ్రీకు రచయిత థియోఫ్రాస్టస్ సప్ఫైరోస్ అని పేర్కొన్న రాయికి బంగారు చుక్కలున్నవని చెప్పడాన్నిబట్టి అది నేటి సఫైర్ కాదనీ, లాజవర్దమేననీ పండితుల నిర్ణయం. అంటే పేర్లు తారుమారు కావడమనేది అరబ్బీ, ఫారసీ భాషలకే పరిమితమైన విషయం కాదు.

బదఖ్షాన్ గనులు

ప్రాచీన ప్రపంచానికంతటికీ మేలైన లాజవర్దాన్ని అందించినది నేటి ఆఫ్ఘనిస్తాన్ ఈశాన్యభాగంలోని బదఖ్షాన్. అక్కడ కోక్చా నది ఎగువలోయలో సరె సంగ్ అనే చోట నిటారైన కొండచరియలలో ఈ గనులున్నవి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ నవీన శిలాయుగపు సమాధులలో లాజవర్దపు పూసలు దొరికినవి. ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజసమాధులలో, సుమారు క్రీ.పూ. 2600 నాటి రాణి పువాబీ ఆభరణాలలో ఈ రాయి విరివిగా ఉన్నది. ఈజిప్టు రాజు తూతన్‌ఖామూన్ బంగారు ముసుగులో కనుబొమలను, కన్నుల చుట్టును దీనితోనే పొదిగారు. సింధునాగరికత ప్రజలు గనుల దిశగా ఎంతో దూరం వెళ్ళి ఆమూ నది సమీపంలో షోర్తుగాయ్ అనేచోట ఒక స్థావరమే ఏర్పరచుకొన్నారు. 1970ల నడుమ ఫ్రెంచి పురాతత్వవేత్తలు ఆ స్థావరాన్ని కనుగొన్నారు.

పేరు విషయంలో చిక్కు కూడా ఆ కాలంనుండే మొదలయినది. మెసపొటేమియావారి అక్కదీ భాషలో లాజవర్దాన్ని ఉక్ను అనేవారు. నీలిగాజును కూడా వారు ఉక్ను అనే పిలిచారు. అయితే మోసం జరుగకుండా వారు ఒకదానిని కొండ ఉక్ను అనీ, మరొకదానిని బట్టీ ఉక్ను అనీ స్పష్టంగా విడదీసి వ్రాసుకొన్నారు. పేరు రంగుకు చెందుతుంది, విలువ పదార్థానికి చెందుతుంది అనే వివేకం ఆ రెండు విశేషణాలలో ఇమిడి ఉన్నది. తరువాతి యుగాలలో ఈ విశేషణాలు జారిపోయి పేరు ఒక్కటే మిగిలినప్పుడల్లా గందరగోళం ఏర్పడింది.

ముస్లిం గ్రంథకర్తలు

హిజ్రీ 372, అనగా క్రీ.శ. 982లో ఫారసీ భాషలో వ్రాయబడిన హుదూదుల్ ఆలమ్ అనే భూగోళగ్రంథం బదఖ్షాన్‌లో వెండి, బంగారం, ఎర్రరాళ్ళతోపాటు లాజవర్దం గనులు ఉన్నవని చెబుతున్నది. క్రీ.శ. 13వ శతాబ్దం చివరిభాగంలో ఆ ప్రాంతాన్ని వర్ణించిన మార్కోపోలో కూడా ప్రపంచంలోకెల్ల శ్రేష్ఠమైన నీలిరాయి అక్కడి కొండలోనే దొరుకుతుందని పేర్కొన్నాడు. ఇవన్నీ దేశవర్ణనలు. రాయిని రాయిగా పరిశీలించిన గ్రంథాలు వేరే ఉన్నవి.

వాటిలో అగ్రగణ్యమైనది అబూ రైహాన్ అల్ బీరూనీ రచించిన కితాబుల్ జమాహిర్ ఫీ మారిఫతిల్ జవాహిర్. క్రీ.శ. 973లో ఖ్వారజమ్‌లో జన్మించిన అల్ బీరూనీ తన జీవితపు చివరి దశలో గజనీ సుల్తాన్ మౌదూద్ కోసం రత్నాలను, లోహాలను గూర్చి ఈ గ్రంథాన్ని వ్రాశారు. పూర్వుల మాటలను ఏకరువు పెట్టడంతో ఆయన తృప్తిపడలేదు. వర్తకులు, రత్నపరీక్షకులు చెప్పిన విషయాలను సేకరించారు. ఒక్కొక్క రాయికి వివిధ భాషలలో గల పేర్లను పోల్చి చూశారు. వినికిడి కథలను పరీక్షకు పెట్టారు. లాజవర్దం ప్రకరణంలో కూడా ఆయన దృష్టి ముందుగా పేరుమీదనే నిలిచింది. అర్మీనియా రాయికి, లాజవర్దానికి పోలిక ఉన్నదని గుర్తించి, ఖురాసాన్, ఇరాక్ ప్రాంతాలకు వచ్చేది బదఖ్షాన్ రాయి అని ఆయన నమోదు చేశారు.

అల్ బీరూనీ అందించిన సాధనాలలో విలువైనది తూకం. శంఖువు ఆకారంగల పాత్రలో మెడవరకు నీరు నింపి, అందులో రాయిని వేసినప్పుడు ప్రక్కగొట్టం గుండా పొర్లిన నీటిని పట్టి తూచడం ఆయన పద్ధతి. లోహాలకు బంగారాన్ని, రత్నాలకు నీలి యాఖూత్‌ను ప్రమాణంగా తీసుకొని, వాటి విలువను నూరుగా ఉంచి, మిగిలినవాటిని దానితో పోల్చారు. పరిశీలింపబడిన రాళ్ళలో లాజవర్దం ఒకటి. హిజ్రీ 515, అనగా క్రీ.శ. 1121-22లో అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీ రచించిన కితాబు మీజానిల్ హిక్మా అనే గ్రంథం ఈ ఫలితాలను భద్రపరచింది.

ఈ తూకపు ప్రయోజనం ఏమిటో నేటి అంకెలతో చెబితే సులభంగా తెలుస్తుంది. నీలి యాఖూత్ సాంద్రత సుమారు 4. రాగి సంబంధమైన నీలి ఖనిజం అజురైట్‌ది సుమారు 3.8, లాజవర్దానిది 2.7 నుండి 2.9, మామూలు గాజుది సుమారు 2.5. కంటికి నాలుగూ నీలమే. నీటిలో వేసి తూచినప్పుడు నాలుగూ నాలుగు దారులు పడతాయి. రాయిని గీకకుండా, పగులగొట్టకుండా, యజమానికి నష్టం కలుగకుండా నిజం చెప్పగల పరీక్ష ఇది.

ఈ రెండు గ్రంథాలకు తెలుగుదేశంతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది. 1888లో స్థాపితమైన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హిజ్రీ 1355, అనగా 1936-37లో కితాబుల్ జమాహిర్ అరబ్బీ మూలాన్ని ముద్రించింది. జర్మన్ పండితుడు ఫ్రిట్జ్ క్రెంకో దానిని పరిష్కరించారు. మీజానిల్ హిక్మా కూడా 1940 ప్రాంతంలో అక్కడినుండే వెలువడింది. వ్రాతప్రతులకే పరిమితమైన ఈ విజ్ఞానాన్ని ప్రపంచ పండితుల చేతికందించిన ఘనత మూసీ తీరానికి దక్కింది.

వైద్యుని పెట్టెలో లాజవర్దం

ఇబ్నె సీనా అల్ ఖానూన్‌లోని ఔషధ ద్రవ్యాల భాగంలో లాజవర్దం కూడా ఉన్నది. యూనానీ వైద్యంలో దీనిని సౌదాను, అనగా నల్లపిత్తాన్ని, విరేచనం ద్వారా వెడలించే ద్రవ్యంగా పరిగణించారు. విషాదం, మనోవ్యాకులత ఆ సౌదా వికారాలే అని నాటి వైద్యుల సిద్ధాంతం. రాయిని మెత్తగా నూరి, పలుమార్లు నీటితో కడిగి, తేర్చి వాడడం వారి పద్ధతి. కడిగిన లాజవర్దాన్ని లాజవర్దె మగ్సూల్ అని పిలిచారు.

ఇదే రోగాలకు అర్మీనియా రాయిని, అనగా హజరె అర్మనీని కూడా వాడేవారు. దీనిని ఎక్కువమంది పరిశోధకులు అజురైట్‌గా గుర్తించారు. అజురైట్ రాగి కార్బొనేట్. రాగి లవణాలు కడుపులో పడితే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. మోతాదు మించితే విషమవుతుంది. లాజవర్దంలో రాగి లేదు. ఒకే రంగు, ఒకే విధమైన ఉపయోగం ఉన్న రెండు ద్రవ్యాలలో ఒకదాని బదులు మరొకటి రోగికి చేరితే ఫలితం ఒకటే కాదు. అల్ బీరూనీ పోలికను ఎత్తిచూపడం వెనుక ఉన్న జాగ్రత్త అప్పుడు అర్థమవుతుంది. పోలిక ఉన్నదని చెప్పడం రెండూ ఒకటేనని చెప్పడం కాదు. కలిసిపోయే అవకాశం ఉన్నదని హెచ్చరించడమే.

ఈ రెండింటిని విడదీయడానికి నిప్పు చాలు. అజురైట్‌ను కాల్చితే అది నల్లని రాగి ఆక్సైడ్‌గా మారిపోతుంది. మేలైన లాజవర్దం ఎర్రగా కాలి చల్లారిన తరువాత కూడా తన నీలాన్ని నిలుపుకొంటుంది. రసాయనశాస్త్రపు పరిభాష తెలియకపోయినా ఈ తేడా చేతిపనివారి అనుభవంలో ఉన్నదే.

చిత్రకారుని నీలం

లాజవర్దపు రాయిని ఊరక నూరితే గ్రంథాలంకరణకు పనికివచ్చే నీలం రాదు. నీలి లాజురైట్‌తోపాటు తెల్లని కాల్సైట్, ముదురురంగు పైరైట్ కూడా పొడి అవుతాయి గనుక బూడిదరంగు కలిసిన వెలవెలబోయే పొడి వస్తుంది. అందువలన రంగును రాతినుండి వేరుచేసే ఒక నేర్పరి విధానం వృద్ధిపొందింది. రాతిపొడిని మైనం, గుగ్గిలం, నూనె కలిపిన ముద్దలో పిసికి కొన్ని రోజులు ఉంచుతారు. తరువాత ఆ ముద్దను గోరువెచ్చని క్షారజలంలో వేసి మెల్లగా పిసుకుతారు. లాజురైట్ కణాలు ముద్దను వదలి నీటిలోకి దిగి అడుగున పేరుకొంటాయి. కాల్సైట్, పైరైట్ కణాలు చాలావరకు ముద్దలోనే చిక్కుకొని ఉంటాయి. మొదటిసారి వచ్చినది గాఢమైన, శ్రేష్ఠమైన నీలం. రెండవది, మూడవది క్రమంగా పలచబడతాయి. చివరకు మిగిలేది బూడిదఛాయ గల నీలం. లాజవర్దం క్షారానికి చెక్కుచెదరదన్న గుణంమీదనే ఈ పని అంతా ఆధారపడి ఉన్నది.

ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ క్రీ.శ. 1400 ప్రాంతంలో వ్రాసిన శిల్పగ్రంథంలో ఇటువంటి విధానాన్నే వివరించాడు. యూరప్‌లో ఈ రంగుకు అల్ట్రామెరైన్ అనే పేరు వచ్చింది. సముద్రానికి ఆవలినుండి వచ్చినది అని దాని అర్థం. ఆకాశనీలానికి ఇంగ్లీషువారు వాడే అజూర్ అనే మాట కూడా లాజవర్ద్ నుండి పుట్టినదే. మొదటి లకారాన్ని ఉపపదంగా భావించి విడిచిపెట్టడంవలన అది అట్లా మారింది. రాయితోపాటు మాట కూడా సముద్రం దాటింది.

ఇల్‌ఖానుల కాలంలో ఇరాన్, ఇరాక్‌లలోను, మమ్లూకుల కాలంలో కైరోలోను తయారైన ఖుర్ఆన్ ప్రతుల ముఖపత్రాలలో బంగారం, లాజవర్దం ప్రధాన వర్ణాలు. బంగారు అక్షరం వెలుగుతుంది. నీలిరంగు దానికి లోతునిస్తుంది. ఎన్ని శతాబ్దాలు గడచినా ఆ నీలం వెలిసిపోలేదు. రాతినుండి తీసిన వర్ణం ఎండకు వివర్ణం కాకపోవడమే అందుకు కారణం.

అయితే నీలంగా ఉన్నదంతా లాజవర్దం కాదని ఇక్కడ కూడా గుర్తుంచుకోవాలి. నీలి ఖుర్ఆన్ అని పేరుపొందిన వ్రాతప్రతి ఇందుకు మంచి ఉదాహరణ. ముదురు నీలిరంగు చర్మపత్రాలమీద బంగారు కూఫీ లిపిలో వ్రాయబడిన ఈ ప్రతి క్రీ.శ. 9, 10 శతాబ్దాల నాటిదని సాధారణాభిప్రాయం. దీని ఆకులలో ఎక్కువభాగం ట్యునీషియాలో ఉన్నవి. వాటి నీలం రాతినుండి వచ్చినది కాదు, నీలిమందు మొక్కనుండి వచ్చినదని పరిశోధకులు నిర్ణయించారు.

కుమ్మరి లాజవర్దం

పేరుకు, పదార్థానికి మధ్య దూరం ఎక్కువగా పెరిగినది కుమ్మరి కార్ఖానాలో. హిజ్రీ 700, అనగా క్రీ.శ. 1301 ప్రాంతంలో అబుల్ ఖాసిమ్ కాషానీ రత్నాలను, సుగంధద్రవ్యాలను గూర్చి ఫారసీలో ఒక గ్రంథం రచించారు. పింగాణీ పలకల తయారీలో తరతరాలుగా ప్రసిద్ధిగాంచిన కాషాన్ నగరపు అబూతాహిర్ కుటుంబానికి చెందినవారు ఆయన. తన వంశపు వృత్తిరహస్యాలను ఆ గ్రంథం చివరి భాగంలో వివరించారు. పని చేసినవారి ఇంటినుండి వచ్చిన సమాచారం గనుక దీనికి ఎనలేని విలువ ఉన్నది.

కుమ్మరులు వాడే ముడిపదార్థాలలో లాజవర్ద్ ఒకటని, దానిని పనివారు సులైమానీ అంటారని, కాషాన్ సమీపంలోని కొండలలో ఖమ్సర్ అనే గ్రామం దాని జన్మస్థానమని ఆయన వ్రాశారు. బయట నల్లని గట్టిరాయి, లోపల వెండివలె తెల్లగా మెరిసే పదార్థం అని దానిని వర్ణించారు. ఈ లక్షణాలలో ఒక్కటి కూడా బదఖ్షాన్ రాయికి సరిపడదు. ఇది కోబాల్టు ఖనిజం. చేతిలో నీలంగా ఉండదు. బట్టీలో గాజుపూతతో కరిగినప్పుడు మాత్రమే నీలం పుట్టిస్తుంది. కుమ్మరి దృష్టిలో ఫలితం లాజవర్దపు నీలం గనుక ముడిపదార్థానికీ ఆ పేరే స్థిరపడింది.

ఆ కాలపు ఇరాన్‌లో ముదురు నీలి గాజుపూతమీద ఎరుపు, తెలుపు రంగులతో, బంగారు రేకుతో అలంకరించి రెండవసారి కాల్చిన పాత్రలను, పలకలను కళాచరిత్రకారులు లాజవర్దీనా అని పిలుస్తున్నారు. ఆ పేరు చదివి వాటిలో బదఖ్షాన్ రాయి ఉన్నదనుకోవడం తప్పు. కోబాల్టు ఖనిజం తూర్పునకు కూడా ప్రయాణించింది. చైనాలో 14వ శతాబ్దపు నీలి తెలుపు పింగాణీకి పశ్చిమాసియా కోబాల్టు ఉపయోగపడింది. మింగ్ వంశపు కాలంలో దిగుమతి అయిన కోబాల్టును చైనీయులు హుయి హుయి చింగ్, అనగా ముస్లిం నీలం, అన్నారు.

దక్కనులో బీదరు మహమూద్ గవాన్ మదరసా ముఖద్వారంమీద, హైదరాబాదు బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలమీద కనిపించే నీలి పలకలు ఇరానీ సంప్రదాయానికి చెందినవి. వీటి నీలం బట్టీలో పుట్టిన నీలం. ఆగ్రా తాజ్‌మహల్ పాలరాతిలో పొదిగిన లాజవర్దం మాత్రం కొండనుండి తెచ్చిన అసలు రాయి. కొండ ఉక్ను, బట్టీ ఉక్ను అనే పురాతన విభజన ఇక్కడ కూడా అక్షరాలా వర్తిస్తుంది.

కృత్రిమ నీలం

లాజవర్దపు రంగు యూరప్‌లో బంగారంతో సమానమైన ధర పలికింది. అందుచేత దాని కూర్పు తెలుసుకోవాలన్న ఆసక్తి అక్కడ బలపడింది. ఫ్రెంచి రసాయనవేత్తలు క్లెమాన్, డెజోర్మ్ 1806లో ఆ రంగును విశ్లేషించి అందులో సిలికా, అల్యూమినా, సోడా, గంధకం ఉన్నవని ప్రకటించారు. 1814లో తస్సేర్ అనే రసాయనవేత్త సోడా కొలిమిలో తనంతట తాను ఏర్పడిన నీలిపదార్థాన్ని గమనించాడు. 1824లో పారిస్‌లోని ఒక పారిశ్రామిక ప్రోత్సాహక సంఘం కృత్రిమ నీలాన్ని చౌకగా తయారుచేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. 1828లో అది ఝాఁ బాప్తిస్త్ గిమేకు లభించింది. అదే సంవత్సరం జర్మనీలో గ్మేలిన్ కూడా తన విధానాన్ని ప్రచురించాడు. తెల్లని బంకమన్ను, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాల్చడమే ఆ విధానంలోని సారం.

దానితో రాజాస్థానాలకు, ఆలయాలకు, గ్రంథాలయాలకు పరిమితమైన నీలం సామాన్యుల ఇళ్ళకు చేరింది. తెల్లబట్టలు ఉతికిన తరువాత పసుపుఛాయ పోవడానికి తెలుగునాట ఇంటింటా వాడుతూ వచ్చిన నీలం పొడి చాలావరకు ఈ కృత్రిమ లాజవర్దమే. అక్కదీ భాషలో చెప్పవలెనంటే ఇది కూడా బట్టీ ఉక్నునే. కాని ఒక పెద్ద తేడా ఉన్నది. ప్రాచీనుల నీలిగాజు, కాషాన్ కుమ్మరి కోబాల్టు రంగులో మాత్రమే లాజవర్దాన్ని పోలినవి. గిమే చేసినది సారంలో సైతం దానితో సమానమైనది. కొండలో జరిగినదే కొలిమిలో జరిగింది.

గనిలో శ్రమించినవారు

రంగుకు ప్రత్యామ్నాయం దొరికినా రాయికి గిరాకీ తగ్గలేదు. బ్రిటిష్ నౌకాదళాధికారి జాన్ వుడ్ 1838 చలికాలంలో కోక్చా లోయకు వెళ్ళి గనులను చూశాడు. ఎండిన పొదలతో మంట వేసి ఆ జ్వాలను రాతిమీద ఆడనిస్తారని, రాయి నర్మ్, అనగా మెత్తబడిన తరువాత సుత్తులతో పొరలుపొరలుగా కొడతారని, లాజవర్దం కనిపించగానే చుట్టూ గాడి త్రవ్వి గునపాలతో పెకలిస్తారని అతను వ్రాశాడు. పనివారు రాయిని రంగునుబట్టి విభజించేవారని, ముదురు నీలపుదానిని నీలీ అని, లేతనీలపుదానిని ఆస్మానీ అని పిలిచేవారని కూడా పేర్కొన్నాడు. మంచు కప్పిన కొండలలో, పొగ నిండిన సొరంగాలలో పనిచేసిన ఆ మనుషుల పేర్లు చరిత్రలో లేవు. సుల్తానుల పేర్లు, లేఖకుల పేర్లు గ్రంథాల చివర ఉన్నవి.

ఇరవయ్యవ శతాబ్దం చివరిలో ఈ రాయి యుద్ధానికి ధనంగా మారింది. 1979లో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించిన తరువాత జరిగిన పోరాటంలో లాజవర్దపు వర్తకంమీద వచ్చిన ఆదాయం ప్రతిఘటన దళాలకు తోడ్పడింది. తరువాతి అంతర్యుద్ధంలోను అదే జరిగింది. 2014లో సాయుధవర్గాలు గనులను వశపరచుకొన్నవి. గ్లోబల్ విట్నెస్ సంస్థ 2016లో ప్రచురించిన నివేదిక ఆ ఆదాయం స్థానిక సాయుధులకు, తాలిబాన్లకు చేరుతున్నదని, దేశప్రజలకు అందవలసిన సొమ్ము వృథా అవుతున్నదని వివరించింది. 2021 ఆగస్టులో తాలిబాన్లు కాబూల్‌ను వశపరచుకొన్నారు. దానితో గనులు కూడా వారి పాలనలోకి వచ్చినవి.

పేరును పరీక్షించడం

లాజవర్దం చరిత్రలో మూడు పదార్థాలు ఒక పేరు క్రింద కలిసి ప్రయాణించినవి. గంధకంవలన నీలమైన బదఖ్షాన్ రాయి ఒకటి. రాగివలన నీలమైన అర్మీనియా రాయి రెండవది. నిప్పులో కరిగితేగాని నీలం కాని కోబాల్టు ఖనిజం మూడవది. వీటిని విడదీసినవి కంటిచూపులు కావు. తూకం, నిప్పు, పుట్టినచోటు అనే మూడు సాక్ష్యాలు. మొదటిది అల్ బీరూనీ, అల్ ఖాజినీల గ్రంథాలలో ఉన్నది. రెండవది పనివారి అనుభవంలో ఉన్నది. మూడవది భూగోళవేత్తలు, కాషానీ వంటి వృత్తికారులు వ్రాసి ఉంచినదానిలో ఉన్నది.

కనుక పాత అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలలో లాజవర్ద్ అనే మాట ఎదురైనప్పుడు అనువాదకుడు, చరిత్రకారుడు, హకీం వేసుకోవలసిన ప్రశ్నలు స్పష్టంగా ఉన్నవి. ఆ మాట వాడినవాడు రత్నపరీక్షకుడా, వైద్యుడా, చిత్రకారుడా, కుమ్మరా? పదార్థం ఎక్కడినుండి వచ్చినదని చెప్పాడు? దానిని నూరాడా, కడిగాడా, కాల్చాడా? ఈ మూడింటికి జవాబు దొరికితే రాయి ఏదో తేలిపోతుంది. దొరకనప్పుడు మూలంలోని పేరును పేరుగానే ఉంచడం నిజాయితీ. వెయ్యి సంవత్సరాల క్రితం నీటిపాత్రలో రాయిని వేసి, పొర్లిన నీటిని తూచిన పండితుడు కోరినది కూడా ఇంతకంటె ఎక్కువ కాదు.